ఆకువెన్న

ఫ్రాన్సు దేశమున పెనముమీద కాల్చిన గొడ్డుమాంసపు ముక్కపై నొక బిళ్ల ఆకువెన్న నుంచి వడ్డింతురు. ఆ మాంసము మనలో ననేకులు ముట్టరు. వెన్న సంగతి మాత్రము వినదగినది.

వెన్నను పొయ్యి కెక్కింపక, వ్రేలు దిగునంత మెత్తబడనిత్తురు. కొత్తిమీరకు చుట్టమగు పార్‌స్లీ ఆకును కడిగి, తడి యారనిచ్చి, సన్నగా తరిగి, ఉప్పు, మిరియపుపొడి, నిమ్మరసములతో వెన్నలో మెదుపుదురు. కాగితమున చుట్టి, చల్లనిచోట గట్టిపడనిచ్చి, బిళ్లలుగా కోయుదురు.

కరగింప నేల కూడదు? వెన్నలో నూటికి సుమారు 16 పాళ్లు నీరుండును. కరగినచో నేయి పైకి తేలి నీరు విడును; మరల పేరుకొన్నను ఆ నునుపు రాదు. మనవారు ఆ నీటినే కాచి యిగిర్చి, మునగాకో తమలపాకో వేసి దింపుదురు. కావుననే మన నేయి నెలలు నిలుచును. ఆకువెన్నలో నీరును పచ్చియాకును గలవు. చల్లగా నుంచినను కొలది దినములలోనే వాడుకొనవలెను.