వీడియో చూసే గంట కూడా డ్యూటీయే

 

అమీర్‌పేట మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ గోడల నిండా జావా, ఒరాకిల్, టెస్టింగ్ బోర్డులు మీరంతా చూసినవే. ఊళ్ల నుంచి వచ్చి పంజాగుట్ట, ఎస్ఆర్ నగర్ హాస్టళ్లలో ఉంటూ, ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుని పిల్లలు ఆ మెట్లెక్కారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ రావడంతో ఆ పాఠాలు ఫోన్‌లోకి దిగాయి. ఆఫీసు ట్రైనింగులూ అదే దారి పట్టాయి. కేంద్ర ప్రభుత్వం కూడా ఆ ఏడాది సెప్టెంబరులో మిషన్ కర్మయోగిని ఆమోదించింది. దాని కింద ఉద్యోగులకు ఐగాట్ కర్మయోగి అనే ఆన్‌లైన్ వేదిక వచ్చింది.

మంచిదే. కానీ ఆఫీసుల్లో జరిగేది ఏమిటి? కొత్త ఇంజనీరుకు పది కోర్సుల లింకులొస్తాయి, గడువొస్తుంది, టైమ్ మాత్రం రాదు. రాత్రి పదకొండింటికి వీడియోను రెండింతల స్పీడులో పరిగెత్తించి, క్విజ్ జవాబులు పక్కవాళ్లనడిగి ముగిస్తాడు. సర్టిఫికెట్ వస్తుంది, పని రాదు. మన లెక్కల మాస్టారు బోర్డు మీద లెక్క చేసి ఊరుకున్నారా? చాక్‌పీస్ మన చేతికిచ్చేవారు. (బెత్తం సంగతి ఇప్పుడొద్దు లెండి!)

అందుకే మా టీమ్‌లో వీడియో చూసే గంటను డ్యూటీగానే లెక్కేస్తున్నాం. శుక్రవారం మధ్యాహ్నం ఒక సీనియర్ పక్కన కూర్చుని, చూసినదాన్ని టెస్ట్ సర్వర్‌లో చేయించి డౌట్లు తీరుస్తారు. పూర్తయ్యే కోర్సుల సంఖ్య తగ్గిందేమిటని పైవాళ్లు అడిగారు. తగ్గనివ్వండి అన్నాను.

సొంత కంపెనీలు నడిపేవాళ్లు మనలో ఉన్నారు. మీ దగ్గర చేరిన పిల్లలకు వారానికి ఆ కొన్ని గంటలివ్వండి. మేమెలా చేస్తున్నామో కావాలంటే భోజనాల దగ్గర కూర్చుని చెబుతాను.