తలుపులు తెరిచే ఉంచుదాం

(ఇబ్రహీంపట్నంలో కరాటే విద్యార్థులకు బెల్టులు ప్రదానం చేసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సాయంత్రం పిల్లలు ప్రదర్శించిన కతాలను చూసి మనమందరం చప్పట్లు కొట్టాము. ఆ సంతోషానికి భంగం కలిగించకుండా, ఒక బరువైన విషయం మీ ముందుంచుతున్నాము.

2022లో నిజామాబాద్ నుండి మనకు రెండు వార్తలు వచ్చాయి. మే 19న ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ మహిళల బాక్సింగ్ పోటీలలో ఆ ఊరి బిడ్డ నిఖత్ జరీన్ 52 కిలోల విభాగంలో స్వర్ణపతకం గెలిచింది. దేశమంతా ఆమెను తన బిడ్డ అన్నది. రెండు నెలలు తిరగకముందే, జూలైలో, అదే నిజామాబాద్‌లో కరాటే నేర్పే ఒక వ్యక్తిని పోలీసులు అరెస్టు చేశారు. శిక్షణ పేరుతో మతవిద్వేషాన్ని నూరిపోస్తున్నారన్నది ఆరోపణ. తరువాత ఆ కేసు జాతీయ దర్యాప్తు సంస్థ చేతికి వెళ్ళింది. అందులోని నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానమే గాని మనం కాదు.

అయితే ఆ వార్త మన ఇళ్ళలో ఏమి చేసిందో మనకు తెలుసు. “మా వాడు ఎక్కడికి వెళుతున్నాడని ఎవరైనా అడిగితే ఏమని చెప్పాలి?” అని తల్లులు మమ్మల్ని అడిగారు. కొందరు మారు మాట్లాడకుండా పిల్లలను మాన్పించారు. హాజరు పట్టీలో ఖాళీ గళ్ళు పెరిగాయి. పతకం తెచ్చిన పిడికిలి దేశానిది, సాధన చేస్తున్న పిడికిలి అనుమానానిది అన్న లెక్క అన్యాయమైనది. ఆ అన్యాయాన్ని ప్రశ్నించే హక్కు మనకున్నది. కాని ప్రశ్నించేవాడు తన ఇల్లు చక్కగా ఉంచుకోవాలి.

అందుకే ఆనాడు మేము కొన్ని కట్టుబాట్లు చేసుకున్నాము. మూసిన గదిలో శిక్షణ ఉండదు. ఏ తల్లి, ఏ తండ్రి, ఏ అధికారి వచ్చినా కూర్చొని చూడవచ్చును. చేరిన ప్రతి పిల్లవాడి పేరు, తండ్రి సంతకం, కట్టిన ఫీజు, ఇచ్చిన రసీదు రిజిస్టరులో ఉంటాయి. సాధన వేళ సాధన తప్ప మరో ఉపన్యాసం ఉండదు. ఏ మతం పిల్లలు వచ్చినా ఒకే వరుసలో, బెల్టు ప్రకారం నిలబడతారు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టిన మన పెద్దచెరువు నీరు ఎవరి పొలమని అడిగి పారలేదు.

ఇతర ఊళ్ళలో క్లబ్బులు నడిపే మిత్రులకు ఒక మనవి. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుంటే సంఘాన్ని నమోదు చేసుకోవచ్చును. ఆ తరువాత ఏటా సభ్యుల జాబితా, లెక్కలు తప్పక దాఖలు చేయండి. జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపినవాళ్ళం గనుక చెబుతున్నాము: కాగితం సక్రమంగా ఉన్నవాడి గొంతు కార్యాలయంలో తడబడదు.

ఇక ఈ విద్య సంగతి. కరాటే అంటే ఖాళీ చేయి అని అర్థం. ఒకినావా దీవిలో పుట్టిన ఈ విద్యను 1922లో టోక్యోలో ప్రదర్శించి ప్రచారంలోకి తెచ్చిన గిచిన్ ఫునకోషి ఒక బడిపంతులు. కరాటే నేర్చినవాడు మొదటి దెబ్బ తాను వేయరాదన్నది ఆయన బోధ. ఎదుటివానిని పడగొట్టేవాడు కాదు, కోపం వచ్చినప్పుడు తనను తాను అదుపు చేసుకునేవాడే బలవంతుడని మన ప్రవక్త (స) బోధించారు. ఈ రెండు మాటలకు మధ్య దూరం లేదు.

వంగి వందనం చేయడం గురించి కొందరు తల్లిదండ్రులు సంకోచించారు. మాస్టరుగారితో కూర్చొని మాట్లాడాము. మన పిల్లలు నిటారుగా నిలబడి గుండె మీద చేయి వేసి గౌరవం తెలుపుతారు. ఆయన చిరునవ్వుతో అంగీకరించారు. అడిగితే సరిపోయే చోట అలిగి వెళ్ళిపోనవసరం లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆడపిల్లల విషయం. పన్నెండు, పదమూడేళ్ళు వచ్చేసరికి వరుసలో నుండి వాళ్ళు ఒక్కొక్కరే మాయమవుతున్నారు. ఇది పోలీసులు చేసినది కాదు, ప్రభుత్వం చేసినది కాదు; మనమే చేస్తున్నది. పర్దా అడ్డమంటారా? ప్రపంచ కరాటే సమాఖ్య 2013లోనే హిజాబ్‌తో పోటీ చేయడానికి అనుమతించింది. ఈజిప్టుకు ఒలింపిక్స్‌లో మొట్టమొదటి మహిళా స్వర్ణం 2021లో టోక్యోలో కరాటేలోనే వచ్చింది. తెచ్చినది ఫెర్యాల్ అష్రఫ్. మన హైదరాబాద్‌కు చెందిన సయ్యదా ఫలక్ అంతర్జాతీయ కరాటే పోటీలలో పతకాలు గెలిచింది. నిఖత్‌కు మొదట శిక్షణ ఇచ్చినది ఆమె తండ్రి జమీల్ అహ్మద్ గారే. ఆ తండ్రి “ఇక చాలు, ఇంట్లో కూర్చో” అని ఉంటే ఇస్తాంబుల్ వార్త మనకు వచ్చేదే కాదు. ఆడపిల్లలకు వేరే సమయం కావాలా, తల్లులు పక్కన కూర్చుంటామంటారా, చెప్పండి. ఏర్పాటు చేస్తాము. మాన్పించడం మాత్రం పరిష్కారం కాదు.

హక్కుగా అడగవలసినది కూడా ఉన్నది. ప్రభుత్వ పాఠశాలల్లో ఆరు నుండి పన్నెండవ తరగతి వరకు బాలికలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ సమగ్ర శిక్షా పథకంలో భాగం. మీ పిల్ల బడిలో అది జరిగిందో లేదో ప్రధానోపాధ్యాయుల వారిని అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ప్రకారం అర్జీ పెట్టండి. అర్జీ రాయడం రాకపోతే మా దగ్గరకు రండి, రాసిపెడతాము.

ఈ రోజు బెల్టు అందుకున్న బిడ్డలారా, రేపు సాయంత్రం మళ్ళీ ఇక్కడే కలుద్దాం. మానేసిన మీ మిత్రుడిని, ముఖ్యంగా మానిపించబడిన మీ అక్కను, చెల్లెలిని వెంట తీసుకురండి. వాళ్ళ పేర్లను మేము రిజిస్టరులో నుండి కొట్టివేయలేదు.

అల్లాహ్ మన పిల్లలకు బలాన్నీ, ఆ బలాన్ని అదుపులో ఉంచుకునే వివేకాన్నీ ప్రసాదించుగాక. ఆమీన్.