ఎండ వేడిమితో నీటి శుద్ధి
(వరంగల్లులో గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతియందు చేసిన ప్రసంగ పాఠము)



పాఖాల, రామప్ప, లక్నవరము చెరువులను నిర్మించిన కాకతీయుల సీమ మనది. నీటిని నిలుపుటలో మన పూర్వులు చూపిన నేర్పు లోకవిదితము. కాని నిలిచిన నీరెల్ల త్రాగునీరు కాదు. కంటికి తేటగా కన్పించు నీటియందు సైతము కలరా, టైఫాయిడు, అతిసారము కలిగించు సూక్ష్మజీవులు ఉండవచ్చును. తొలకరి వానలకు పెంటకుప్పల మురుగు బావులలోనికి దిగినపుడు ముందుగా మంచము పట్టువారు పసిబిడ్డలే.

వేడిమి సూక్ష్మజీవులకు శత్రువని మన తల్లులెరుగుదురు. నీరు మసలునట్లు ఒక నిమిషము కాచిన చాలును. అయితే ఈ వేడిమిని ఎండనుండియే పొందరాదా? నేటి శాస్త్రజ్ఞుల ప్రయత్నమిదియే. నల్లని గొంగడి తెల్లని పంచెకంటె త్వరగా ఎండకు వేడెక్కును గదా! అట్లే బంగారము, కర్బనము వంటి పదార్థములను అతి సూక్ష్మమైన నానో రేణువులుగా చేసినచో, అవి వెలుతురును పీల్చి వేడిగా మార్చును. మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు ఒక నానోమీటరు. పాత్రలోని నీరంతయు కాగకున్నను, రేణువునంటిన సూక్ష్మజీవి పైపొర ఆ వేడికి చెడి, అది నశించును.

అయినను ఇది చాలవరకు ప్రయోగశాలలలోని విద్య. రేణువులు త్రాగునీటిలో కలియకుండ చూడవలెను, ఖర్చు తగ్గవలెను. హైదరాబాదులోని ఏ.ఆర్.సి.ఐ. పరిశోధన సంస్థ నానో వెండి పూసిన వడపోత క్యాండిళ్లను రూపొందించినది. వానియందు సూక్ష్మజీవులను చంపునది వేడి కాదు, వెండి.

రేపటి సాధనము వచ్చువరకు నేటి బిడ్డ దాహము ఆగదు. కావున చేతిలోనున్న ఉపాయములను వినుడు. రెండు లీటర్లకు మించని, రంగులేని పెట్ ప్లాస్టిక్కు సీసాలో తేటనీరు నింపి, మంచి ఎండలో ఆరు గంటలు పరుండబెట్టవలెను. మబ్బు పట్టినచో వరుసగా రెండు దినములుంచవలెను. ముసురు దినములలో ఇది పనికిరాదు, కాచియే త్రాగవలెను. ఇక బావినీటికి వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మేలైన బ్లీచింగు పౌడరు కలిపి, ఒక గంట గడచినపిదప తోడుకొనవలెను. ఫ్లోరైడును మాత్రము ఎండగాని, కాచుటగాని, బ్లీచింగుగాని తొలగింపజాలవని మరువరాదు.

ఒక గ్రామమున మేము నీటి ట్యాంకు గోడకు శుభ్రతను గూర్చిన ప్రకటన అంటించి, పని ముగిసినదని తలచి మరలితిమి. పిదప మరల వెళ్లి నిచ్చెన యెక్కి చూడగా, ట్యాంకు అడుగున మందముగా పాచి పేరియుండెను. ప్రకటన గోడకే మిగిలెను. నాటినుండి మేము ఏ గ్రామమునకు పోయినను, ముందు నిచ్చెన యెక్కి చూచి, పిదపనే ప్రసంగించుచున్నాము.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పదునొకండవ షెడ్యూలులో త్రాగునీటిని పంచాయతీల బాధ్యతలయందు చేర్చినది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నీటిని ఊరి ముంగిటికి తెచ్చినను, ట్యాంకు కడిగించుట, కుళాయివద్ద లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియున్నదో లేదో పరీక్షించుట మనవంతు పని. నేడు ఇండ్లకు మరలిన వెంటనే, మీ ఊరి ట్యాంకును చివరిసారి కడిగిన తేదీ ఏదని విచారింపుడు. ఎవ్వరికిని జ్ఞప్తి లేనిచో, రేపటి ఉదయమే ఆ పనికి పూనుకొనుడు.

జై హింద్.