మట్టిలో పుట్టిన మందులు

తొలకరికి నేల నుంచి లేచే కమ్మని వాసనకు ముఖ్య కారణం జియోస్మిన్ అనే పదార్థం. దాన్ని తయారుచేసే మట్టి బాక్టీరియాలలో ప్రధానమైనవి స్ట్రెప్టోమైసిస్. వైద్యులు నేడు రాసే పలు యాంటీబయాటిక్కులకు మూలం కూడా ఇవే.

ఇవి బూజులా పోగులు పోగులుగా అల్లుకుంటాయి. ఆహారం తరిగి, సిద్ధబీజాలు తొడిగే దశ వచ్చినప్పుడు, పెరుగుదలకు నేరుగా అక్కరలేని రసాయనాల తయారీ ఊపందుకుంటుంది. అందుకు కావలసిన జన్యువులు డీఎన్ఏలో ఒకేచోట గుంపుగా ఉంటాయి. ఒక జాతిలో వాటి నుంచి వచ్చే ఎంజైములు రెండేసి కార్బన్ల ముక్కలను వరసగా అతికి, మడిచి, నాలుగు వలయాల అణువును కడతాయి. దానికి క్లోరిన్ చేరితే క్లోర్‌టెట్రాసైక్లిన్. ఇది ఇతర బాక్టీరియాల రైబోజోములను పట్టుకుని ప్రోటీన్ల తయారీని ఆపేస్తుంది. తన మందు తనకే తగలకుండా ఆ బాక్టీరియాను కాపాడే జన్యువులు కూడా ఆ గుంపులోనే ఉంటాయి.

ఈ మందు వెనుక భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. 1940లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో చేరి, తర్వాత అక్కడి పరిశోధనకు అధిపతి అయ్యారు. ఆయన హయాంలో వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్, డెబ్బై దాటిన వయసులో, ఎక్కడెక్కడి మట్టినో తెప్పించి ఓపికగా వడపోశారు. 1945లో మిస్సోరి విశ్వవిద్యాలయపు శాన్‌బార్న్ క్షేత్రం నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు స్ట్రెప్టోమైసిస్ దొరికింది. అది ఏ కీకారణ్యమో కాదు, గడ్డి పెంచే చేను. మామూలు చేని మట్టిలోనే అది దొరకడం గమనించదగినది. అందులోంచి వచ్చిన క్లోర్‌టెట్రాసైక్లిన్, అంటే ఆరియోమైసిన్‌ను 1948లో ప్రకటించారు. అది తొలి టెట్రాసైక్లిన్. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

టెట్రాసైక్లిన్ల కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్ నేడు బురదలో పనిచేసే రైతులకు సోకే ఎలుక జ్వరానికి, స్క్రబ్ టైఫస్‌కు వాడే మందు. అయితే అవసరం లేకున్నా మింగడం, పశువులకూ చెరువులకూ విచ్చలవిడిగా వాడడం వల్ల మందుకు లొంగని బాక్టీరియా పెరుగుతోంది. కొత్త అణువుల వెతుకులాట ఆగకూడదు.

దారి మూసుకుపోలేదు. స్ట్రెప్టోమైసిస్ సెలికలర్ జన్యుక్రమం 2002లో వెలువడినప్పుడు అందులో ఇలాంటి జన్యువుల గుంపులు ఇరవైకి పైగా కనిపించాయి. వాటిలో చాలావరకు ప్రయోగశాలలో మూగగా ఉండిపోతాయి. వాటిని పలికించే పోషకాలు, పొరుగు సూక్ష్మజీవులు ఏమిటో తేల్చాల్సి ఉంది. నేడు సైన్సు పట్టాలు అందుకుంటున్న వారిలో కొందరైనా సుబ్బారావు పుట్టిన భీమవరం చుట్టూ ఉన్న డెల్టా వరిచేల మట్టిని, దానికి దాపునున్న మొగల్తూరు తీరపు ఉప్పునేలల మట్టిని ఆ పరీక్షకు తీసుకురావాలి.