చట్రం గట్టిదైతేనే స్ప్రింగు మాట వింటుంది
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పూర్వం ప్రతి ఇంట నులక మంచం ఉండేది. నులక వదులైతే ఇంటి పెద్ద దానిని బిగించేవాడు. బిగించబోయే ముందు మంచపు కోళ్ళను, పట్టెలను ఒకసారి కదిపి చూసేవాడు. పట్టె కోడులో కదులుతూ ఉంటే నులక ఎంత బిగించినా ఫలితం లేదు సరికదా, ఆ బిగింపుకు మంచమే మూలకు ఒరుగుతుంది. స్పోర్ట్స్ కారును మెరుగుపరచ గోరే యువకుడు తెలుసుకోవలసిన మొదటి సూత్రం ఈ మంచంలోనే ఉన్నది. నులక స్థానంలో స్ప్రింగులు, పట్టెల స్థానంలో చట్రం.

కారు మలుపు తిరిగేటప్పుడు బరువు లోపలి చక్రాల నుండి వెలుపలి చక్రాల మీదికి మారుతుంది. ఆ బరువును ముందు చక్రాలు ఎంత మోయాలి, వెనుక చక్రాలు ఎంత మోయాలి అన్నది నిర్ణయించేవి స్ప్రింగులు, యాంటీ రోల్ బార్లు. అయితే చట్రం మెలిపడితే అది కూడా ఒక స్ప్రింగు వలెనే ప్రవర్తిస్తుంది. భౌతికశాస్త్ర పాఠంలో రెండు స్ప్రింగులను శ్రేణిలో కలిపినప్పుడు మెత్తనిదే ఎక్కువగా సాగుతుందని చదువుకున్నదే ఇక్కడ జరుగుతుంది. మెత్తని చట్రానికి గట్టి స్ప్రింగులు తగిలిస్తే మెలిక చట్రంలోకి పోతుంది. అప్పుడు స్ప్రింగు మార్చిన ఫలితం చక్రానికి పూర్తిగా అందదు.

ఈ సంగతిని ఆచరణలో చూపినవారిలో ఇంగ్లండుకు చెందిన లోటస్ సంస్థ స్థాపకుడు కోలిన్ చాప్‌మన్ ముఖ్యుడు. 1962లో వచ్చిన లోటస్ ఎలాన్ కారుకు నడుమ వెన్నెముక వంటి ఉక్కు చట్రం, పైన ఫైబర్ గ్లాసు శరీరం అమర్చారు. బరువు సుమారు 700 కిలోలు. చట్రం గట్టిది కనుక స్ప్రింగులను మెత్తగా ఉంచగలిగారు. గతుకులలో సైతం చక్రం నేలను విడువక అంటిపెట్టుకొని ఉండేది. అదే సంవత్సరం ఆయన లోటస్ 25 అనే పందెపు కారుకు గొట్టాల చట్రాన్ని విడిచిపెట్టి, రేకులతో పెట్టె వలె కట్టిన మోనోకాక్ నిర్మాణాన్ని చేపట్టాడు. 1963లో ఆ కారుతోనే జిమ్ క్లార్క్ ప్రపంచ విజేత అయ్యాడు. వేగంగా పోయే కారుకు స్ప్రింగులు రాయి వలె ఉండాలన్న నమ్మకం తప్పని ఈ ఉదాహరణ చాటుతుంది.

పైకప్పు లేని కారుకు ఈ చిక్కు మరింత ఎక్కువ. మూత ఉన్న అట్టపెట్టెను మెలిపెట్టడం కష్టం; మూత తీస్తే చేతిలోనే వంగుతుంది. 1989లో మాజ్దా సంస్థ విడుదల చేసిన ఎమ్‌ఎక్స్-5 అటువంటి కారే. దానికి నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ ఉన్నది. గేర్‌బాక్సును, వెనుక డిఫరెన్షియల్‌ను ఒక అల్యూమినియం దూలంతో కలిపారు. 1993లో 1.6 లీటర్ల ఇంజనుకు బదులు 1.8 లీటర్ల ఇంజను వచ్చినప్పుడు, సీట్ల వెనుక అడ్డుదూలాన్ని, అడుగున అదనపు బిగింపులను కర్మాగారమే చేర్చింది. బలం పెంచిన చేతులే చట్రాన్నీ బిగించాయి.

ఇక ఎంపిక విషయం. మొదటి పని కొనడం కాదు, చూడడం. చట్రంలో తుప్పు ఉన్నదా, రబ్బరు బుష్షులు పగిలాయా, షాక్ అబ్సార్బర్ల నుండి నూనె కారుతున్నదా అని పరీక్షించాలి. తుప్పు పట్టిన చోట బిగించిన దూలం గోడకు కాక సున్నానికి కొట్టిన మేకు వంటిది. తరువాత మంచి టైర్లు, సరియైన వీల్ అలైన్‌మెంట్. చాలా కార్లకు ఈ రెండింటితోనే కోరిన మార్పులో అధికభాగం సమకూరుతుంది.

ఆ పిమ్మట స్ప్రింగు. ఒక చక్రం మీద 200 కిలోల శరీరభారం ఉన్నదనుకుందాం. ఆ భారం సెకనుకు 1.5 సార్లు ఊగేటట్లు ఉంచాలంటే చక్రం వద్ద మిల్లీమీటరుకు సుమారు 18 న్యూటన్ల గట్టిదనం కావాలి. సెకనుకు 2 సార్లు ఊగాలంటే సుమారు 32 న్యూటన్లు. ఇది సరళ హరాత్మక చలనపు లెక్కయే. చక్రం 10 మిల్లీమీటర్లు లేచినప్పుడు స్ప్రింగు 7 మిల్లీమీటర్లే కుంచించుకుంటే, ఆ నిష్పత్తి వర్గాన్ని లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడు 18 న్యూటన్లకు బదులు స్ప్రింగుకు సుమారు 36 న్యూటన్లు ఉండవలసి వస్తుంది. ఈ లెక్క వేయక, అమ్మేవాడు చూపిన రంగును చూసి స్ప్రింగు కొనేవారే ఎక్కువ.

స్ప్రింగు గట్టిదనం రెండింతలైతే షాక్ అబ్సార్బరు అదుపు కూడా సుమారు 40 శాతం పెరగాలి. లేనిచో కారు గతుకు దాటిన తరువాత కూడా ఊగుతూనే ఉంటుంది. యాంటీ రోల్ బార్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. దాని గట్టిదనం వ్యాసపు నాలుగవ ఘాతాన్ని అనుసరిస్తుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీ స్థానంలో 22 మిల్లీమీటర్ల కడ్డీ పెడితే పెరుగుదల 10 శాతం కాదు, 46 శాతం. ఆ కడ్డీని వెనుక మాత్రమే మార్చిన యువకుడు ఎండలో, చదునైన దారిలో సంతోషిస్తాడు. వానలో తడిసిన ఘాట్ రోడ్డు మలుపులో అదే కారు వెనుకభాగం లోయవైపు జారుతుంది. రెండు మిల్లీమీటర్ల అజ్ఞానానికి చెల్లించే వెల అది.

చివరిది చట్రపు బిగింపు. మాక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కారులో స్ట్రట్ పైకొన మీద పక్కబలం పడుతుంది కనుక రెండు పైకొనలను కలిపే దూలం ఉపకరిస్తుంది. డబుల్ విష్‌బోన్ కారులో ఆ బలం పై విష్‌బోన్ మీదుగా పోతుంది కనుక స్ప్రింగుల పైకొనలను కలిపితే వచ్చే ప్రయోజనం తక్కువ. పైకప్పు లేని కారుకు అడుగుభాగపు బిగింపులే మేలు. బిగించక ముందు ఒక మూలను జాకీతో ఎత్తి, తలుపు సందు ఎంత మారిందో కొలవాలి. బిగించిన తరువాత మళ్ళీ కొలవాలి. తేడా లేకపోతే కొన్నది బలం కాదు, బరువు.

ఒక హెచ్చరిక. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదు. 2019లో సుప్రీం కోర్టు ఈ నిబంధనను దృఢపరచింది. కనుక ఇటువంటి ప్రయోగాలకు తగిన చోటు రోడ్డు కాదు, రేస్ ట్రాక్. ఈ తమిళనాడులోనే ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉన్నది. ఫార్ములా మారుతి పందెపు కార్లను రూపొందించిన ఎస్. కరివర్ధన్ పేరున 2003లో కోయంబత్తూరు వద్ద వెలసిన కరి మోటార్ స్పీడ్‌వే ఉన్నది. మన దేశపు చిన్న కారు ఇంజనుతోనే ఎందరో యువకులకు పందెపు విద్య నేర్పవచ్చునని ఆయన నిరూపించాడు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. కొడుకో కూతురో కారును విప్పి చూస్తానంటే వద్దనకండి. ముందు కొలిచి చూపమనండి. ఉపాధ్యాయులకు ఒక విన్నపం. స్ప్రింగు పాఠాన్ని నల్లబల్ల మీదనే ముగించకండి. సైకిలు షెడ్డు దాకా తీసుకుపోండి. ఈ పాఠశాల డెబ్బయి అయిదేళ్ళుగా అక్షరాలను మాతృభాషలోనే దిద్దించింది. ఆ పునాది గట్టిది కనుకనే ఇక్కడ చదివినవారు ఏ భాషలో ఏ విద్య నేర్చినా తడబడలేదు. చట్రం గట్టిగా ఉంటే గతుకుల దారికి భయపడవలసిన పని లేదు.