లాంచీ ఎక్కి నాగార్జునకొండకు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వాసులకు సముద్రం దూరమే గానీ, దీవి దగ్గరే. సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం, మాల్ మీదుగా సుమారు 150 కిలోమీటర్లు వెళితే నాగార్జునసాగర్. అక్కడ లాంచీ ఎక్కితే గంట ప్రయాణంలో నాగార్జునకొండ.

ఒకప్పుడు ఇది లోయలో నిలబడ్డ కొండ. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలోనే ఉండేది. 1955లో ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. ఊరు మునిగేలోగా, 1954 నుంచి 1960 దాకా, పురావస్తు శాఖవారు లోయంతా తవ్వారు. మహాచైత్యం, సింహళ విహారం, స్నానఘట్టం వంటి కట్టడాలను కొండమీద తిరిగి నిర్మించారు. ఎంత శ్రమో! ఆ స్నానఘట్టం రాతిమెట్ల దగ్గర తీరిగ్గా కాసేపు గడపండి. నాకు కొండమీది మ్యూజియం కన్నా అదే ఎక్కువ ఇష్టం.

దీవిలో రాత్రి బస లేదు, చివరి లాంచీకి తిరిగి రావాల్సిందే. పడకకు ఒడ్డున హిల్ కాలనీ ఉంది. శుక్రవారం మ్యూజియంకు సెలవు. నీటిమట్టం, గాలిని బట్టి లాంచీలు ఆగిపోతుంటాయి, ముందే పర్యాటక శాఖవారిని కనుక్కోండి. 2019లో గోదావరిపై కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఎన్ని ప్రాణాలు పోయాయో మరవలేం. ఉక్కపోసినా సరే, ఒడ్డు చేరేదాకా లైఫ్ జాకెట్ విప్పకండి. పిల్లలకు సరిపోయే సైజు అడిగి మరీ తీసుకోండి.