నటుడు, వైమానికుడు

త్యాగయ్య వేషము ధరించిన మన చిత్తూరు నాగయ్యగారిని జనులు త్యాగయ్యగానే తలచి నమస్కరించిరి. వేషమును బట్టి మనిషిని గొలుచుట మన యలవాటు. అమెరికా నటుడు జేమ్స్ స్టూవర్టు విషయమున ఆ కొలత చాలదు.

1941 ఫిబ్రవరిలో ఉత్తమ నటుడను బహుమానమందిన ఆయన, మరుసటి నెలలోనే సామాన్య సిపాయిగా సైన్యమున జేరెను. బరువు చాలదని మొదట త్రిప్పిపంపగా మరల వెళ్లెను. జీతము నెలకు 21 డాలర్లు! 1943 నవంబరున బీ-24 బాంబు విమానముల దళమునకు నాయకుడుగా ఇంగ్లండు జేరెను. ఇతరులను బంపి తాను నిలిచిన నాయకుడు గాడు. 1944 ఫిబ్రవరి 20న బ్రన్స్‌విక్ దాడికి తానే ముందు నడచెను. శత్రుభూమిపైకి ఇట్టి యాత్రలు 20 చేసి, కర్నలై మరలెను.

పిమ్మట తన చిత్రముల ప్రకటనలలో ఈ సేవను వాడరాదని ఒప్పందములలో షరతు వ్రాయించెను. న్యాయవాదులమగు మేము ధనము కోరు షరతులెన్నియో వ్రాసితిమి. కీర్తి వలదను షరతును ఎన్నడును వ్రాసి యెరుగము.

అయినను, ఆ బాంబులు పడిన పట్టణములలో స్త్రీలును బాలురును ఉండిరి. స్వాతంత్ర్యము లేనిదే ఆ యుద్ధమున పాలు గొనమన్న మన నాయకులు 1942లో చెరసాలల పాలైరి. ఆయన ధైర్యమును మెచ్చుటకు యుద్ధమునెల్ల మెచ్చనక్కరలేదు. 1966లో వియత్నాముపైకి వెళ్లిన బాంబు విమానమున ఆయన పరిశీలకుడుగా గూర్చుండెను. అంతదూరము మా మనస్సు ఆయన వెంట బోజాలదు.